ఆల్టో వరుసలో ఎనిమిది నెలలు

మార్చిలో ఒక మంగళవారం సాయంత్రం, జర్మనీలోని లైప్‌జిగ్‌లో మా ఇంటికి రెండు ట్రామ్ స్టాపుల దూరంలో ఉన్న చర్చి హాలులోకి మొదటిసారి వెళ్లాను. ముప్పై మందికి పైగా ఉన్న ఔత్సాహిక క్వయర్ అది. నర్సులు, ఇంజినీర్లు, పదవీ విరమణ చేసిన టీచర్లు వారానికి ఒక సాయంత్రం రెండు గంటలు కలిసి పాడతారు. బృంద నాయకురాలు పియానో దగ్గర నిలబెట్టి నా గొంతును పైకీ కిందికీ నడిపించి చూసింది. "ఆల్టో", అంటే ఆడగొంతుల్లో కిందిది, అని చెప్పి చేతిలో ఒక సన్నటి నొటేషన్ పుస్తకం పెట్టింది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రాసిన మొటెట్ (పలు గొంతులు కలిసి పాడే భక్తి రచన) 'యేజు, మైనె ఫ్రాయ్‌డె'. 'యేసూ, నా ఆనందమా' అని అర్థం. బాఖ్ రచనల పట్టికలో దాని సంఖ్య 227. నవంబరులో కచేరీ అన్నారు.

చిన్నప్పుడు విజయవాడలో తొమ్మిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. సరళీ వరుసల నుంచి పంచరత్న కృతుల దాకా నేర్చుకున్నదంతా ఒకే పద్ధతిలో సాగింది. వెనక శ్రుతి, ముందు ఒక్క గొంతు, ఆ గొంతులో పాట. పక్కన పదిమంది కూర్చుని పాడినా అందరిదీ అదే పాట. ఈ పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఒకదాని కింద ఒకటి నాలుగు వరుసలు. పాట ఎక్కడ ఉందా అని వెతికితే పై వరుసలో, ఎత్తైన ఆడగొంతులైన సోప్రానోల దగ్గర ఉంది. దాని కింద ఉన్న నా వరుస మూడు నాలుగు స్వరాల మధ్యే అటూ ఇటూ మసలుతోంది. ఇంటికి వెళ్లి ఆ వరుసను విడిగా పాడి చూశాను. మా అమ్మ ఫోనులో విని, "ఇందులో పాట ఏదే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

పై వరుస మాత్రం వెంటనే పట్టుబడింది. మొదటి పంక్తిలోని ఆరు అక్షరాలకు ఆరు స్వరాలు. పంచమం నుంచి షడ్జానికి మెట్టు మెట్టుగా దిగుతాయి: ప ప మ గ రి స. వాళ్ల లెక్కలో ఇది 'ఇ మైనర్', అంటే 'ఇ' అనే స్వరం షడ్జంగా ఉన్నది. నా చెవికి మొదట నటభైరవి రాగం. పంక్తి ముగిసే చోట కింది గొంతుల్లో ఎవరో ఒకరు షడ్జానికి సరిగ్గా కిందుండే కాకలి నిషాదం తాకి షడ్జం మీద వాలతారు. ఆ క్షణానికి అది కీరవాణి అవుతుంది. అన్నిటికంటే నన్ను కదిలించింది ముగింపు. అంతసేపూ సాధారణ గాంధారంలో నడిచిన పాట, చిట్టచివరి అక్షరం దగ్గర ఒక లోపలి గొంతులో అర స్వరం పైనున్న అంతర గాంధారానికి మారుతుంది. పాట పాడే సోప్రానోలు మామూలుగా షడ్జం మీదే ఆగుతారు. వెలుగు లోపలి నుంచి వస్తుంది. బాఖ్ నాటి, అంటే బరోక్ కాలపు రచయితలకు ఇది అలవాటైన పద్ధతేనని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా ఆ ఒక్క అక్షరం కోసం నేను ప్రతిసారీ ఎదురుచూశాను.

స్వరాల కింద తెలుగులో స, రి, గ, మ రాసుకుని సాధన మొదలుపెట్టాను. ఫోనులో శ్రుతి పెట్టె తెరిచి, ఇ ని షడ్జంగా పెట్టుకుని పాడేదాన్ని. మొదటి పంక్తులు హాయిగా సాగాయి. పాట ఉత్తరార్ధంలోకి వెళ్లేసరికి శ్రుతి నాతో పొసగలేదు. నేను సరిగ్గానే పాడుతున్నాను, శ్రుతీ సరిగ్గానే మోగుతోంది, రెండూ కలిస్తే మాత్రం చెవికి ఇబ్బందిగా ఉంది. రెండు వారాలు తప్పు నా గొంతులో ఉందనుకున్నాను. తర్వాత ఒక రాత్రి కూర్చుని అన్నిటికంటే కిందిదైన బాస్ వరుసను చదివితే అర్థమైంది. ఆ చోటికి వచ్చేసరికి పాటకు ఇ షడ్జం కాదు. నాలుగు గొంతులూ కలిసి తాత్కాలికంగా జి ని షడ్జం చేసుకుని, మళ్లీ వెనక్కి వస్తున్నాయి. మన సంగీతంలో ఆధార షడ్జం కచేరీ మొదలైనప్పటి నుంచి మంగళం దాకా కదలదు. ఇక్కడ ఆధారమే ప్రయాణిస్తుంది. అది ఎటు వెళ్తోందో చెప్పేది బాస్. ఆ రాత్రి శ్రుతి పెట్టె మూసేసి, బాస్ వరుసను పియానో మీద రికార్డు చేసుకుని దాని మీద నా వరుస పాడాను. మొదటిసారి నా స్వరాలకు ఒక పని ఉన్నట్టు తోచింది.

ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పాడటం. గాంధారం నుంచి మధ్యమానికి వెళ్లేటప్పుడు నా గొంతు తెలియకుండానే చిన్న జారు వేస్తుంది. నాయకురాలు పాట ఆపి, "ఎవరో దారిలో ఆగుతున్నారు. స్వరం మీదకు నేరుగా రండి" అంది. ఎవరో నాకు తెలుసు. పక్కన కూర్చునే డెబ్బై నాలుగేళ్ల ఆవిడ నా పుస్తకంలో ఆ రెండు స్వరాల మధ్య పెన్సిలుతో ఒక చిన్న నిలువు గీత గీసింది. "ఇక్కడ గోడ ఉందనుకో" అంది. క్వయర్‌లో అందరూ ఒకరినొకరు 'నువ్వు' అనే పిలుచుకుంటారు. అంత పెద్దావిడను నువ్వు అనడానికి నాకు నెల పట్టింది. జారు మానడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. నాలుగు గొంతులు ఒకే క్షణంలో ఒక హార్మనీగా బిగుసుకోవాలంటే ప్రతి స్వరం తన చోట నిలకడగా ఉండాలి. అందులో ఒకటి ఊగితే మిగతా మూడూ మసకబారతాయి. నాకు గమకం ఎంత ఇష్టమో అంత ఇష్టంగా దాన్ని పక్కన పెట్టడం నేర్చుకున్నాను.

ఈ మొటెట్‌కు మూలమైన పాట బాఖ్‌ది కాదు. పదాలు యోహాన్ ఫ్రాంక్‌వి, బాణీ యోహాన్ క్రూగర్‌ది. 1653లో అచ్చయింది. జర్మన్ ప్రాంతాలను కుదిపేసిన ముప్పై ఏళ్ల యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లే. అందులో 'ధిక్కరిస్తున్నాను' అనే మాట అంత గట్టిగా ఎందుకు వినిపిస్తుందో ఆ సంవత్సరం చూశాక నాకు అర్థమైంది. 1723లో లైప్‌జిగ్ వచ్చి, 1750లో చనిపోయేదాకా థామస్ చర్చి సంగీత బాధ్యత చూసిన బాఖ్, ఈ పాటలోని ఆరు చరణాలను తీసుకుని, వాటి మధ్య బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలోని ఐదు వచనాలను పేర్చాడు. మొత్తం పదకొండు భాగాలు, ఇరవై నిమిషాల పైచిలుకు. ఒకటీ పదకొండూ ఒకే సంగీతం. రెండో దాని సరుకే పదిలో తిరిగి వస్తుంది. నాలుగూ ఎనిమిదీ మూడేసి గొంతులవి. సరిగ్గా నడుమ, ఆరో భాగంలో, గొంతులు ఒకదాన్నొకటి తరుముతూ సాగే ఐదు గొంతుల ఫ్యూగ్. గోపురం చుట్టూ ప్రాకారాలు కట్టినట్టు కట్టాడు. 1723లో ఒక సంస్మరణ ప్రార్థన కోసం రాశాడని చాలాకాలం నమ్మారు. ఆ ప్రార్థన క్రమం దొరికాక చూస్తే అందులో ఈ మొటెట్ ఊసే లేదు. వేర్వేరు సమయాల్లో రాసినవాటిని ఒకచోట కూర్చి ఉంటాడని ఇప్పుడు కొందరు పండితుల అభిప్రాయం. బాఖ్ చేతిరాత ప్రతి మిగల్లేదు.

రెండో భాగం దగ్గర నా భాషే నాకు అడ్డుపడింది. 'కాబట్టి ఇప్పుడు శిక్షావిధి ఏదీ లేదు' అన్న వచనం అది. 'ఏదీ లేదు' అనే అర్థమున్న జర్మన్ మాట 'నిష్ట్స్'. బాఖ్ ఆ మాటను విడిగా నిలబెట్టాడు. నిష్ట్స్, ఖాళీ, నిష్ట్స్, ఖాళీ. లేదు అన్న మాట తర్వాత నిజంగానే ఏమీ ఉండదు. ఆ నిశ్శబ్దం శుభ్రంగా వినిపించాలంటే ముప్పై మంది నోళ్లలోని చివరి 'ట్స్' ఒకే క్షణంలో పడి, ఒకే క్షణంలో ఆగాలి. మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే నాలుకకు తోచదు. నా నోట్లో అది 'నిష్ట్సు' అయ్యేది. ఆ చిన్న ఉకారం ఖాళీలోకి జారిపడేది. మన కృతుల్లో అచ్చు మీదే కదా సంగీతమంతా నిలబడుతుంది! హల్లు సంగీతంలో భాగమని, దానికీ తాళంలో ఒక చోటు ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. ట్రామ్‌లో కిటికీ వైపు తిరిగి నెల రోజులు ఆ ఒక్క మాటే సాధన చేశాను. నాలుక కొనను పళ్ల వెనక ఆపి, గాలి మాత్రం వదిలి, వెంటనే ఆపేయడం. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం హాలంతా కలిసి ఆ మాట అని ఆగింది. ఆ ఖాళీలో పైకప్పు నుంచి మా గొంతులే తిరిగి వినిపించాయి. పెద్దావిడ నా మోచేతిని తాకి తలూపింది.

నాలుగో భాగానికి వచ్చేసరికి మగగొంతులైన టెనర్లు, బాస్‌లు కూర్చున్నారు. ఇద్దరు సోప్రానోలు, కింద ఆల్టో. సోప్రానోలు జంటగా, మూడేసి స్వరాల ఎడంతో పక్కపక్కనే నడుస్తారు. రూపక తాళంలా మూడు దెబ్బల నడక. నేను ఎప్పటిలాగే మధ్యలో ఒదిగినట్టు మెల్లగా పాడుతున్నాను. నాయకురాలు ఆపింది. "ఆల్టోలూ, ఇక్కడ మీ కింద ఎవరూ లేరు. నేల మీరే" అంది. పుస్తకం చూస్తే నిజమే. ఇన్నాళ్లూ నేను ఆనుకున్న బాస్ ఇప్పుడు లేదు. నా స్వరం ఎటు వెళ్తే పైవాళ్ల హార్మనీ అటు మారుతోంది. అదే గొంతుతో, అదే ఎత్తులో పాడుతున్నా పని పూర్తిగా వేరు. ఆ రోజు ఇంటికి వచ్చి పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేసి, ఏ భాగంలో ఏ గొంతులు ఉన్నాయో పెన్సిలుతో రాసుకున్నాను. నాలుగులో టెనర్లు లేరు. నాలుగులోనూ తొమ్మిదిలోనూ బాస్‌లు లేరు. ఎనిమిదిలో సోప్రానోలు లేరు. పదకొండు భాగాల్లోనూ పాడే గొంతు ఆల్టో ఒక్కటే. పాట లేని వరుస అని నేను బెంగపడిన వరుస అది.

ఐదో భాగం పాడటం ఎంత అలసటో అంత ఉత్సాహం. 'పాత సర్పాన్ని ధిక్కరిస్తున్నాను' అని మొదలవుతుంది. 'ట్రోట్స్' అనే మాటను ఐదు గొంతులూ రాయి విసిరినట్టు విసురుతాయి. 'లోకమా, చెలరేగు' అన్నచోట స్వరాలు సుడులు తిరిగి పరుగెడతాయి. 'గొణుగు' అన్నచోట బాస్‌లు అడుగున గుర్రుమంటారు. మాట ఏం చెబితే స్వరం అది చేసి చూపిస్తుంది.

ఫ్యూగ్ నన్ను ఓడించింది. ఆరో భాగంలో ఒక గొంతు ఎత్తుకున్న వాక్యాన్ని ఇంకో గొంతు వెనక నుంచి అందుకుంటుంది, దాన్ని మరొకటి. ఐదు గొంతులూ ఒకే వాక్యాన్ని వేర్వేరు క్షణాల్లో పలుకుతుంటాయి. అందులో 'గైస్ట్‌లిష్' అనే మాట, ఆత్మకు సంబంధించినది అని అర్థం, ఒకే ఊపిరిలో సాగే స్వరాల గొలుసు. 'శరీరానికి సంబంధించినవాళ్లు కారు' అన్న మాటకు అంత గొలుసు లేదు. వేగం నాకు కష్టం కాలేదు. స్వరకల్పన చేసిన గొంతుకు ఆ పరుగు తెలిసిందే. కష్టమల్లా ఎవరి వెంటా వెళ్లకుండా ఉండటం. పక్కన ఇంకో గొంతు నా వాక్యాన్నే ఎత్తుకోగానే నా చెవి అటు వెళ్లేది. చెవి వెంట గొంతూ వెళ్లేది.

జూన్‌లో నాయకురాలు మా వరుసలు చెదరగొట్టింది. ఎవరి గొంతు వాళ్లు పక్కపక్కన నిలబడకూడదు, హాలంతా గుండ్రంగా కలగలిసి నిలబడాలి. నాకు ఒక పక్క బాస్, ఇంకో పక్క టెనర్. ఆల్టో ఎవరూ దగ్గర్లో లేరు. పదో పంక్తికే తప్పిపోయాను. రెండోసారీ తప్పిపోయాను. మూడోసారి ఒక పని చేశాను. నా వరుసను పట్టుకోవాలని చూడటం మాని, పక్కనున్న బాస్ ఏం పాడుతున్నాడో విన్నాను. అతను నా వాక్యాన్ని అందుకోవడం వినిపించింది. అతను అందుకున్నాడంటే నేను ఎక్కడ ఉండాలో తెలిసింది. చెవులు మూసుకుని కాపాడుకోబోయిన వరుస, చెవులు తెరిస్తే దానంతట అదే నిలబడింది. ఆ భాగం చివర వేగమంతా తగ్గి, ఐదు గొంతులూ నెమ్మదిగా ఒకచోటికి వస్తాయి. అక్కడికి అందరితో పాటు చేరుకున్నప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎనిమిదో భాగంలో సోప్రానోలు లేరు కాబట్టి అన్నిటికంటే పైన ఉండేది మేమే. మూడేసి చిన్న మాత్రల ఊయల నడక, మనం తిశ్ర నడక అనేది. అదే గొంతు నాలుగులో నేల, ఇక్కడ పైకప్పు. 'జీవం' అన్న మాట మీద స్వరాలు అల్లుకుంటూ పోతాయి.

తర్వాత తొమ్మిదోది. దాని గురించి రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

'గూటె నాఖ్ట్'. శుభరాత్రి. లోకమే కావాలని ఎంచుకున్నవాటికి, పాపాలకు, గర్వానికి, ఆడంబరానికి ఒక్కొక్కదానికీ శుభరాత్రి చెప్పి పంపించే చరణం. బాస్‌లు మౌనం. టెనర్లు కింద విడవకుండా ఒకే నడక నడుస్తారు. పైన ఇద్దరు సోప్రానోలు 'శుభరాత్రి, శుభరాత్రి' అంటూ ఒకరి మీద ఒకరు అల్లుకుంటారు. వాళ్లు పాడుతున్నది క్రూగర్ పాట కాదు, బాఖ్ కల్పించిన సంగీతం. నేను పుస్తకంలో నా వరుస చూసుకుంటే మొదట అంతా విరామాలే. లెక్కపెట్టుకుంటూ నిలబడాలి. తర్వాత పెద్ద పెద్ద స్వరాలు: ప ప మ గ రి స.

పాట మాకు వచ్చింది. సోప్రానోల దగ్గర కాదు, టెనర్ల దగ్గర కాదు, మధ్యలో. చుట్టూ మూడు గొంతులు కదులుతుంటే మధ్యలో నిదానంగా, ఒక పంక్తి పాడి ఆగి, మళ్లీ ఒక పంక్తి. షడ్జం కూడా మారింది. ఇక్కడ ఇ కాదు, ఎ. మొన్నటిదాకా శుద్ధ మధ్యమంగా ఉన్నది షడ్జమై కూర్చుంది. గ్రహభేదం చేసేటప్పుడు మనం ఒక రాగం లోపల ఇంకో రాగాన్ని చూపిస్తాం. ఇక్కడ రాగం అదే, ఆధారం మారింది. ఎ షడ్జంగా కింది స్వరాలు నా గొంతుకు బాగా అడుగున పడతాయి. అక్కడ గొంతు పెంచడం కుదరదు. పెంచనక్కర్లేదని నాయకురాలు చెప్పింది. బాస్ లేకపోవడంతో సంగీతం నేల విడిచి తేలుతుంటుంది. అందులో నిలకడగా పాడిన స్వరం దానంతట అదే వినిపిస్తుంది.

మొదటిసారి పాడిన రోజు మా వరుసలో ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ పుస్తకంలో ఆ పేజీ అంచు బాగా నలిగి ఉంది. అరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే పాడుతోందట. ఈ మొటెట్ ఎన్నిసార్లు పాడిందో గుర్తులేదంది. "ఒకటి నుంచి ఎనిమిది దాకా మనం అందరికీ చోటు సరిచూసి పెడతాం. తొమ్మిదిలో వాళ్లు మనకు పెడతారు" అంది.

కచేరీకి ముందు శుక్రవారం నేను ఒక్కదాన్నే థామస్ చర్చికి వెళ్లాను. శుక్రవారం సాయంత్రం ఆరింటికి, శనివారం మధ్యాహ్నం మూడింటికి అక్కడ మొటెట్ ప్రార్థన ఉంటుంది. 1212 నుంచి ఉన్న బాలుర క్వయర్ పాడుతుంది. లోపల నేల మీద కంచు పలక, దాని మీద బాఖ్ పేరు, పలక అంచున ఎవరో ఉంచిన పూలు. చాలాసేపు నిలబడ్డాను.

కచేరీ నవంబరులో, చనిపోయినవాళ్లను తలచుకునే వారాల్లో. వెంట ఒక చెల్లో, ఒక చిన్న ఆర్గన్. ఆ ఆర్గన్‌ను బరోక్ శ్రుతిలో, అంటే ఇప్పటి శ్రుతికి సుమారు అర స్వరం కిందికి పెట్టారు. నొటేషన్‌లో ఇ అని ఉన్నచోట ఇంకో స్వరం వినిపిస్తుంటే కొందరు తడబడ్డారు. నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. షడ్జం ఎక్కడ పెడితే అక్కడి నుంచి పాడటమే కదా నాకు చిన్నప్పుడు నేర్పింది! ఎనిమిది నెలల్లో మొదటిసారి, నా పాత చదువు ఈ కొత్త చదువుకు ఆసరా ఇచ్చింది.

రెండో భాగంలో ఖాళీలు ఖాళీగానే నిలిచాయి. ఫ్యూగ్‌లో ఒకచోట వెనకబడి, బాస్‌ను విని అందుకున్నాను. తొమ్మిదిలో విరామాలు లెక్కపెడుతూ ఉండగా చల్లటి రాతిగోడల నుంచి సోప్రానోల శుభరాత్రి తిరిగి వస్తోంది. మా పంక్తి వచ్చింది. పాడాం. పదోది రెండోదాన్ని గుర్తుచేస్తూ గడిచింది. పదకొండో భాగం మొదటి దాని సంగీతమే, పదాలు వేరు. 'దుఃఖపు ఆత్మలారా, తొలగండి' అని మొదలై, చివరి పంక్తిలో పాట మొదలైన మాటలకే తిరిగి వస్తుంది: యేజు, మైనె ఫ్రాయ్‌డె. పంచమం నుంచి షడ్జానికి దిగి, ఆఖరి అక్షరం మీద అంతర గాంధారం. పియానోలో ఆ గాంధారం కాస్త హెచ్చుగా ఉంటుంది. గొంతులు ఒకదాన్నొకటి వింటూ పాడినప్పుడు అది పిసరంత తగ్గి తంబురాలో వినిపించే చోటికి వస్తుంది. ఆ రాత్రి వచ్చింది.

బయట చలి. ట్రామ్ స్టాపులో పెద్దావిడా నేనూ మిగిలాం. "మీ పద్ధతిలో అయితే ఆ పాట ఎలా పాడతావు?" అని అడిగింది. పెన్సిలు గీతలు గీసి నాకు గోడలు కట్టిన మనిషి. నటభైరవి అనుకుని, మధ్యమం దగ్గర గాంధారాన్ని ఊపుతూ, రిషభం నుంచి షడ్జానికి జారుతూ పాడాను. ప ప మ గ రి స. రెండో పంక్తికి ఆవిడ కింద నుంచి ఆల్టో వరుస అందుకుంది. నా జారులు వచ్చిన చోటల్లా ఆగి, నేను స్వరం చేరేదాకా వేచి చూసి, తర్వాత కదిలింది. మేం ఎక్కవలసిన ట్రామ్ వచ్చి ఆగి వెళ్లిపోయింది. చరణం పూర్తి చేశాం.